పీతమ్మ పట్టు, చీమ మాట

అనగనగా కంటికి ఆనని ఒక అడవి. ఎక్కడుందో తెలుసా? దోసెల పిండి గిన్నెలో! పిండిని పొంగించే ఈస్టు కణం ఉంటుంది కదా, అదే ఆ అడవి. నిజానికి అందులో తిరిగేవి ప్రోటీన్లు. ఆ పేరు చెబితే మీ కళ్ళకు బొమ్మ కట్టదు. అందుకని నేను వాటిని జంతువులనే అంటాను.

ఆ అడవిలో ఒక వింత ఉంది. అక్కడ ఉడత ఉడతలా పుట్టదు. పొడుగాటి దారంలా పుడుతుంది. ఆ దారం సరిగ్గా మడతపడితేనే కాళ్ళొస్తాయి, తోక వస్తుంది. తప్పుగా మడతపడితే ఉత్త చిక్కుముడి.

మరి ఆ మడత ఎవరు చూస్తారు? పీతమ్మ. పట్టకారులాంటి తన రెండు చేతుల మధ్య దారాన్ని పొదివి పట్టుకునేది. ఆమెకు తోడు ఒక చీమ ఉండేది. వరసకు మరదలు. పుట్టిన దారాన్ని వెతికి తెచ్చి, పీతమ్మ చేతుల్లో పెట్టి, పక్కనే నిలబడేది.

"మూసేయనా?" అనేది పీతమ్మ.

"ఇంకా కాదు వదినా. తోక కుదురుకోలేదు."

"ఇప్పుడో?"

"ఉండు... ఊఁ, ఇప్పుడు!"

పీతమ్మ చేతులు మూసి తెరిచేసరికి ఉడత తుర్రుమనేది.

ఉడతల పనేమిటంటారా? కబురు మోయడం. అడవి అంచున కప్ప కాపలా. బయట ఏం జరిగినా కప్ప ఉడతకు చెబుతుంది. ఉడత పరుగెత్తి అడవి నడుమ ఉన్న తాబేలుకు చెబుతుంది. ఏ ఆపదకు ఏం చేయాలో తాబేలుకు తెలుసు. కానీ కబురు అందితేనే కదులుతుంది. లేకపోతే కదలదు గాక కదలదు.

ఒకరోజు పీతమ్మకు విసుగొచ్చింది.

"పట్టేది నేను, మూసేది నేను. నువ్వేం చేస్తున్నావే? పక్కన నిలబడి నన్ను ఆపడం తప్ప!"

"ఆపడమే నా పని వదినా."

"అదీ ఒక పనేనా? నీకు తిండి దండగ. వెళ్ళిపో!"

చీమ వెళ్ళిపోయింది.

కంటికి కనబడని పనిని పనే కాదని ఎంత తేలిగ్గా అనేస్తారో! నాకు ఒళ్ళు మండిపోతుంది. సరే, వినండి.

ఇక పీతమ్మకు అడ్డు లేదు. దారం దొరకడం ఆలస్యం, టక్కున మూసేసేది. ఉడతలు గబగబా తయారయ్యాయి.

"చూశావా కప్పా, ఎంత జోరో!"

"జోరు బాగానే ఉంది పీతమ్మా. ఆ ఉడతకి తోక ముక్కు పక్కన మొలిచినట్టుందేం?"

"నీ కళ్ళకు పొరలొచ్చాయి, పో!"

అప్పుడు ఆపదేమీ లేదు. మోయాల్సిన కబురూ లేదు. అందుకే తప్పు బయటపడలేదు.

ఒక పొద్దున పిండిలో ఎవరో గుప్పెడు ఉప్పు వేశారు. ఉప్పు ఊరుకుంటుందా? అడవిలోని నీళ్ళను బయటికి లాగేయసాగింది. చెట్లు వడిలాయి. నేల ముడుచుకుంది. తాబేలు తీపి పాకం చేయిస్తే లోపలి నీళ్ళు నిలుస్తాయి. కానీ ఆ సంగతి తాబేలుకు చేరాలి కదా!

"ఉడతా, పరుగెత్తు!" అని కప్ప అరిచింది.

మొదటి ఉడత రెండడుగులు వేసి కూలబడింది. రెండోది వచ్చి దాని కాళ్ళకు చుట్టుకుంది. రెండూ కలిసి ఒక ముద్దయ్యాయి. మూడోది తాబేలు దాకా వెళ్ళింది. నోరు తెరిచింది. మాట రాలేదు! నోరు సరిగ్గా మడతపడలేదు మరి. తాబేలు దాన్ని ఎగాదిగా చూసి, తల మళ్ళీ లోపలికి పెట్టుకుంది.

కప్ప చర్మం ఎండి పగులుతోంది. "పీతమ్మా! నువ్వు చేసినవి ఉడతలా, ఉండలా?"

పీతమ్మ అడ్డంగా పాకుతూ చీమ దగ్గరికి పరుగెత్తింది.

"మరదలా, అడవి పోతోంది. రావే!"

"తిండి దండగ అన్నావుగా?"

"అన్నాను. తప్పు నాదే. ఎంతైనా తిట్టు, కానీ నడుస్తూ తిట్టు!"

చీమకు నవ్వాగలేదు. వస్తూ వస్తూ దారిలో ఒక కొత్త దారాన్ని ఎత్తుకొచ్చి, పీతమ్మ చేతుల్లో పెట్టింది.

"మూసేయనా?"

"ఇంకా కాదు."

"కప్ప చచ్చిపోయేలా ఉందే!"

"తెలుసు. ఇంకా కాదు."

పీతమ్మ చేతులు మూయలేదు. పట్టుకోవడం ఆమెకు అలవాటే. ఆగడమే కష్టం.

"ఊఁ, ఇప్పుడు!"

ఉడత దూకింది. కప్ప దగ్గర మాట అందుకుంది. తాబేలు చెవిలో "ఉప్పు!" అని అరిచింది. ఆ ఒక్క మాట చాలింది. తాబేలు లేచింది. పాకం తయారైంది. నీళ్ళు నిలిచాయి. అడవి మెల్లగా విచ్చుకుంది. అంచున కొన్ని చెట్లు మాత్రం మళ్ళీ పచ్చబడలేదు.

ముద్దైపోయిన రెండు ఉడతలను చీమ ఓపిగ్గా విప్పి, ఒక దారాన్ని పీతమ్మకు అందించింది.

"మూసేయనా?" అని పీతమ్మ అడిగింది.

"ఇంకా కాదు వదినా."

పీతమ్మ ఆగింది.

నీతి: పని చేసే చేతికి ఎంత విలువో, "కాస్త ఆగు" అని చెప్పే తోడుకూ అంతే విలువ.