రాజవీరు గీయని బొమ్మ

పిల్లలూ, ముందు ఒక ప్రశ్న. బొమ్మలు గీసి బతికే మనిషికి, ఒక రోజు బొమ్మ గీయాలనే అనిపించకపోతే ఏం చేయాలి?

"అనిపించేదాకా ఆగాలి, నానమ్మా" అంటోంది ఈశాన్వి. నిహాల్ తల గోక్కుంటున్నాడు. సరే, కథ వినండి. తొందరపడి జవాబు చెప్పనక్కర్లేదు.

జనగామ అవతల ఒక చిన్న ఊళ్ళో రాజవీరు అనే పటాల చిత్రకారుడు ఉండేవాడు. చెయ్యి బంగారమే కానీ, మనసు పుడితే తప్ప కుంచె ముట్టేవాడు కాదు.

పటం అంటే ఏమిటో చెబుతాను. పొడుగాటి గుడ్డకు చింతగింజల జిగురూ సుద్దా పూసి ఆరబెడతారు. దాని మీద ఒక కథ మొత్తం బొమ్మలుగా గీసి, చాపలా చుట్టేస్తారు. కథ చెప్పేవాళ్ళు ఊరూరా తిరిగి, ఆ పటాన్ని కర్రకు వేలాడదీసి, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా విప్పుతూ పాడతారు. పటం లేకపోతే వాళ్ళకు కథ లేదు. కథ లేకపోతే ఆ ఏడాది వాళ్ళ ఇళ్ళల్లో తిండిగింజలు లేవు. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి.

చంద్రమొగిలి అలాంటి కథకుడు. అతని పటం పాతబడి చీకిపోయింది. చీకిన పటాన్ని ఇంట్లో ఉంచుకోకూడదని వాళ్ళ ఆచారం. పూజ చేసి ఏట్లో కలిపేయాలి. కలిపే ముందు అతను రాజవీరు ఇంటికి వచ్చాడు.

"తమ్మీ, కోతలు అయ్యేటాల్లకు కొత్త పటం చేతికొస్తదా? రాదంటె ఇప్పుడే చెప్పు. పాతదాన్నే అతుకులేసుకుని ఇంకో ఏడు నడిపిస్త."

"ఫికరు చెయ్యకు అన్నా. పాతది ఏట్ల కలిపెయ్యి" అన్నాడు రాజవీరు.

ఆ మాట నమ్మి చంద్రమొగిలి పాత పటాన్ని ఏట్లో కలిపేశాడు.

ఆ పటంలో చెప్పేది నీళ్ళ కథ. కరువు వచ్చిన ఊరి కోసం ఒక వీరుడు అడవులు దాటి, దాహంతో నడిచి, చివరికి ఊటను కనిపెట్టి ఊరికి నీళ్ళు తెస్తాడు. రాజవీరు సగం పటం చకచకా గీశాడు. ఊరూ, కరువూ, అడవీ అన్నీ చక్కగా కుదిరాయి. అక్కడ ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడో మొదట అతనికే తెలియలేదు. అంతకు ముందు గీసిన పటాన్ని జనం తెగ మెచ్చుకున్నారు. ఇది దానికంటే తక్కువైతే? ఆ భయం ఒకటి లోపల దూరింది. పొద్దున్నే రంగులు కలిపేవాడు. గుడ్డ ముందు కూర్చునేవాడు. చెయ్యి లేచేది కాదు. రంగులు గిన్నెల్లోనే ఎండిపోయేవి.

"ఒక్క గీతన్న గియ్యరాదయ్యా" అంది భార్య కనకవ్వ.

"మనసు రాంది చెయ్యి లేస్తదా?"

"మంచిదే. నాకు మనసైనప్పుడే వండుత మరి. అప్పటిదాక గాలి తిని ఉండు."

రాజవీరు నవ్వలేదు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గుడ్డ ఉన్న గదిలోకి పోవడమే మానేశాడు. దాన్ని చూస్తే సిగ్గు వేసేది. సిగ్గు వేస్తోందని గీయలేదు. గీయలేదు కాబట్టి సిగ్గు ఇంకా పెరిగింది. చంద్రమొగిలి వాకిట్లోకి వస్తే పెరటి దారిన జారుకునేవాడు.

"ఇంట్ల లేడని చెప్పు" అని భార్యను బతిమాలేవాడు.

"గియ్యనిది నువ్వు, అబద్ధం ఆడేది నేనా?" అని ఆమె అంటూనే, పాపం, చెప్పేది.

కోతలు అయిపోయాయి. పటం సగమే ఉంది. అప్పుడు రాజవీరుకు ఒక పాడు ఆలోచన వచ్చింది. వాళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పటాన్ని మొదటి కథ రోజున జనం ముందే విప్పాలి. అంతకు ముందు తీసుకున్నవాళ్ళు కూడా విప్పి చూడరు. ఇక కథ ఒక్క రోజులో అయ్యేది కాదు, మూడు రోజులు సాగుతుంది. మొదటి రోజున పై సగమే విప్పుతారు. ఈలోగా మనసు పుట్టకపోతుందా, ఏదో ఒక వంకతో పటం అడిగి తెచ్చుకుని మిగతాది గీసేయొచ్చు అనుకున్నాడు. అంచు చూసినవాళ్ళకు పూర్తయినట్టే కనిపించాలని, ఖాళీగా ఉన్న కింది సగమంతా ఎర్ర రంగు పూసేశాడు. ఆరాక చుట్టి ఇచ్చేశాడు.

చంద్రమొగిలి ఆ చుట్టను కళ్ళకు అద్దుకున్నాడు. "ఆలస్యమైతె అయింది కానీ, మా నోటికాడి బువ్వ నిలబెట్టినవ్ తమ్మీ" అన్నాడు.

రాజవీరు తలెత్తలేదు.

మొదటి కథ రోజు వచ్చింది. గీసినవాణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టి మర్యాద చేయడం కథ చెప్పించుకునే ఊళ్ళ అలవాటు. రాజవీరును పిలుచుకొచ్చి కొత్త చాప మీద కూర్చోబెట్టారు. ఎండ కాస్త తగ్గాక కథ మొదలైంది. పై బొమ్మలు విప్పుతుంటే జనం మురిసిపోయారు. అంతలో ఊరి పెద్ద లేచాడు.

"మొగిలన్నా, రేపు పక్క ఊర్ల పెండ్లి ఉంది. అందరం పోతున్నం. కథ ఇయ్యాల్నే ఒడగొట్టు. జర తొందరగ నడిపియ్యి."

"గట్లనే" అన్నాడు చంద్రమొగిలి.

 రాజవీరు ఇప్పుడైనా లేచి చెప్పొచ్చు. లేవలేదు. ఇంకో బొమ్మ విప్పారు. ఇంకోటి. అడవి అయిపోయింది. చంద్రమొగిలి పాడుతూ పాడుతూ పటాన్ని కిందికి లాగాడు. అంతే, ఎరుపు. ఇంకా లాగాడు. మళ్ళీ ఎరుపే. వీరుడు లేడు, ఊట లేదు, నీళ్ళు లేవు.

పాట ఆగింది. జనం మెడలు చాచి చూశారు. చంద్రమొగిలి పటం వంక చూశాడు, ముందు వరుసలో ఉన్న రాజవీరు వంక చూశాడు. ఆ పూట కథ పాడైతే, పటం కోసం ఆశగా ఎదురుచూసిన అతని ఇంటిల్లిపాదీ ఏమవుతారు? పక్క ఊళ్ళో ఎవరు పిలుస్తారు?

అతను గొంతు సవరించుకున్నాడు.

"అమ్మలారా, అయ్యలారా! దాహంతోని మా వీరుడి కండ్లు మూతలు పడ్డయ్. కండ్లు మూసుకున్నోనికి ఏం కనబడ్తది? మీరు గూడ సూర్యుని దిక్కు తిరిగి కండ్లు మూసుకోండి. ఏం కనబడ్తుంది?"

"ఎర్రగ!" అంది ఒక అవ్వ.

"గదే ఈ బొమ్మ. తెరవకుండ్రి. వీరుడు గట్లనే నడుస్తుండు. వినుండ్రి."

ఊరంతా కళ్ళు మూసుకుంది. చంద్రమొగిలి పాడాడు. దాహం పాడాడు, తడబడే అడుగులు పాడాడు, రాళ్ళ కింద ఊట చప్పుడు పాడాడు. కళ్ళు తెరుచుకుని ఉన్నది ఇద్దరే. పాడుతున్న చంద్రమొగిలి, అతని ఎదురుగా రాజవీరు. చంద్రమొగిలి చూపులో కోపం ఉంటే బాగుండేదని రాజవీరు అనుకున్నాడు. కోపం లేదు. బాధ ఉంది.

కథ అయ్యాక జనం రాజవీరు చుట్టూ మూగారు. "వట్టి ఎరుపుతోని ఎంత కథ చెప్పినవయ్యా!" అంటూ ఊరి పెద్ద కొత్త కండువా తెచ్చి అతని భుజాల మీద కప్పాడు. పిల్లలూ, తిట్టు తినడం కష్టమే. కానీ చేయని పనికి మెప్పు తినడం ఇంకా కష్టం. రాజవీరు ఆ కండువాను మోయలేకపోయాడు. తీసి ఊరి పెద్ద చేతిలో పెట్టాడు.

"నేను గియ్యలే. గియ్యకుండ రంగు పూసి ఇచ్చిన. నన్ను గాచింది మొగిలన్న."

 ఇందాకటి అవ్వే అడిగింది. "గియ్యనప్పుడు గియ్యలేదని చెప్పాలె గదా బిడ్డా. పాపం, వాళ్ళ పాత పటాన్ని ఏట్ల ఎందుకు కలపనిచ్చినవ్?"

 ఊరి పెద్ద కండువాను తీసుకెళ్ళి చంద్రమొగిలికి కప్పాడు. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

చంద్రమొగిలి పటం చుట్టుకుంటూ అన్నాడు. "కండ్లు మూసుకోమనుడు ఒక్క ఊర్ల నడుస్తది తమ్మీ. ఊరూరా నడవది. కుంచెలు, రంగులు మూటగట్టుకుని మా వెంట రా. నువ్వు గీసిన కాడికి నేను చెప్పుకుంట పోత."

"మనసు వస్తలేదన్నా. చెయ్యి లేస్తలేదు."

"నాకు రోజు గొంతు లేస్తదా? కొన్ని దినాలు కప్ప లెక్క అరుస్త. అయినా పొద్దుగాల లేచి అరుస్త. కప్ప అరిచిన దినం అరవకుంటె, కోయిల కూసే దినం నాకెట్ల తెలుస్తది?"

రాజవీరు అతని వెంట వెళ్ళాడు. మరుసటి పొద్దున ఎర్ర రంగు మీద మళ్ళీ సుద్ద పూసి, ఒక ఎద్దును గీశాడు. గీత వంకర పోయింది. వాళ్ళు చేరిన ఊళ్ళో చూడవచ్చిన ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. "ఎద్దా, గాడిదా? కొమ్ములు కట్టిన గాడిద లెక్కుంది!"

రాజవీరు చెవులు ఎర్రబడ్డాయి. చెరిపేయడానికి తడిగుడ్డ తీశాడు. చంద్రమొగిలి చెయ్యి పట్టుకున్నాడు.

"చెరిపితె మళ్ళ ఖాళీనే మిగుల్తది. ఉండనియ్యి. దాని పక్కన ఇంకోటి గియ్యి."

రెండో ఎద్దు కూడా బాగా రాలేదు. మూడోది కాస్త ఎద్దులా వచ్చింది. మనసున్నా లేకపోయినా రోజూ పొద్దున కూర్చునేవాడు. ఒక రోజు చెట్టు, ఒక రోజు ఒక్క చెయ్యి, ఒక రోజు వట్టి రాళ్ళు. కొన్ని ఊళ్ళు దాటాక, ఊట గీస్తుండగా భోజనానికి పిలిచినా అతనికి వినపడలేదు. మనసు ఎప్పుడు వచ్చిందో అతను చూసుకోనేలేదు. పని చేస్తుంటే అదే వచ్చి పక్కన కూర్చుంది.

పటం పూర్తయింది. చంద్రమొగిలి ఇంటికి ఆ ఏడాది గింజలు చేరాయి. కానీ పటం విప్పినప్పుడల్లా ఆ గాడిద లాంటి ఎద్దు దగ్గర జనం నవ్వేవారు, రాజవీరు తల దించుకునేవాడు. ఆ సిగ్గు అతనికి చివరిదాకా ఉంది. ఉన్నా మంచిదే. అది గీసిన బొమ్మకు పడ్డ సిగ్గు. గీయని బొమ్మకు పడ్డ సిగ్గులా మనిషిని పెరటి దారిన పరిగెత్తించేది కాదు.

నీతి ఏమిటంటే, మనసు పుట్టేదాకా ఆగితే పని జరగదు, మనసూ పుట్టదు. బాగా రాని రోజున కూడా కూర్చుని కొంచెం చేసేవాడి దగ్గరికే అది తిరిగి వస్తుంది.

ఇక జరగండి, నన్ను లేవనివ్వండి. మేడ మీద వడియాలు సగమే పెట్టి వచ్చాను. మోకాళ్ళు వద్దంటున్నాయి, కానీ పిండి ఊరుకోదుగా. మిగతావి పెట్టేసి వస్తాను.