మూత తీయకూడని దిబ్బరొట్టె

అనగనగా ఏటిగట్టు మీద ఒక ఊరుందిటే బుజ్జీ. ఊ కొట్టు మరి, గోడకి చెబుతున్నానా నేను? ఆ ఊళ్ళో తాతబ్బాయి అని ఒకాయన ఉండేవాడు. పేరుకే తాత, నిండా ముప్ఫై ఏళ్ళు లేవు. ఇళ్ళకి సున్నం కొట్టడం ఆయన పని. ఆయన చెయ్యి పడితే ఎంత పాత గోడైనా తెల్లగా మెరిసేది. సొంతిల్లు మాత్రం పొగచూరి నల్లగా ఉండేది. భార్య జ్వరంతో పోయినప్పటి నుంచీ ఆయనకి ఇంటి మీద మనసు లేదు, పాపం. పొయ్యి విరిగిపోయినా పట్టించుకోలేదు. వాళ్ళకో కూతురు, నూకాలు. నీ అంతే ఉంటుంది, నీకన్నా మాట వింటుంది.

తాతబ్బాయికి ఒక అక్క, మంగాయమ్మ. పక్క ఊళ్ళో ఉంటుంది. చెడ్డ మనిషి కాదే, నోరే కాస్త పెద్దది. ఒక్కచోట కాలు నిలవదు. ఒకరోజు వచ్చి ఇల్లు చూసి నెత్తి కొట్టుకుంది.

"ఒరే తమ్ముడూ, ఇది ఇల్లా, బొగ్గుల కొట్టా? పిల్ల రాత్రిళ్ళు అటుకులు నమిలి పడుకుంటోంది. పౌర్ణమికి బండి కట్టించుకొస్తా. నూకాలుని నాతో తీసుకుపోతా" అంది.

తాతబ్బాయి తలొంచుకున్నాడు. కాదనడానికి ఆయనకి మొహం చెల్లలేదు. నూకాలుకి గుండెల్లో రాయి పడింది. నాన్నని వదిలి ఎలా ఉంటుంది చెప్పు?

అప్పుడు నూకాలు ఏం చేసిందంటే, నాన్న అటు పనికి వెళ్ళగానే, ఇంట్లో మిగిలిన సున్నం కలిపి ఈతమట్ట కుంచెతో గోడలకి పూసేసింది. మసి గీకకుండానే పూసింది, వెర్రిపిల్ల. తడి ఆరేసరికి మసంతా పైకి తేలి, గోడ నిండా గోధుమరంగు చారలు పడ్డాయి. ఇక కూర్చుని ఒకటే ఏడుపు. నువ్వు మాత్రం సున్నం జోలికి వెళ్ళావంటే వీపు చీరేస్తా.

సాయంత్రం తాతబ్బాయి వచ్చి గోడ చూశాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత సున్నానికి పొక్కిన ఆ పిల్ల చేతులు చూసి ఏడుపొచ్చింది. "ముందు గీకాలే తల్లీ" అని తనే కొబ్బరిపీచు అందుకున్నాడు. ఇద్దరూ గోడలు తోమి, కడిగి, మళ్ళీ సున్నం కొట్టారు. నేల కూడా అలికారు.

ఆ తర్వాత పొయ్యి. బంకమట్టిలో ఊక కలిపి తొక్కి కొత్త పొయ్యి వేశారు. ఈసారి తొందర తాతబ్బాయిది. పచ్చి ఆరకుండానే మంట పెట్టాడు. పొయ్యి నిలువునా బీటలిచ్చింది.

"ఇప్పుడు నువ్వేడుస్తావా నాన్నా, నన్నేడవమంటావా?" అంది నూకాలు. బీటలకి మట్టి మెత్తి, నిదానంగా ఆరనిచ్చారు.

ఆ తర్వాత రొట్టె. అత్త వచ్చేసరికి దిబ్బరొట్టె కాల్చాలని నూకాలు పట్టుబట్టింది. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, మందపాటి ఇత్తడి గిన్నెలో నూనె వేసి పోస్తారే, అది. కింద సన్నసెగ, మూత మీద ఎర్రటి నిప్పులు. మా అమ్మా అలాగే కాల్చేది, మీ అమ్మలా గ్యాసు మీద హడావిడిగా తిరగేసేది కాదు. కానీ నూకాలుకి ఆత్రం. కాలిందా లేదా అని మాటిమాటికీ మూత తీసింది. బూడిదంతా రొట్టెలో పడింది. ఆ రొట్టె కుక్క కూడా ముట్టలేదు.

పౌర్ణమి పొద్దున్నే మళ్ళీ పిండి పోసి, నిప్పులు పేర్చారో లేదో, గుమ్మంలో బండి ఆగింది. పిల్ల బట్టల మూట అప్పటికే కట్టి ఉంది. అక్కకి ఎదురు చెప్పలేక తాతబ్బాయే కట్టాడు.

"ఎండెక్కకముందే పోవాలి, నడు" అంది మంగాయమ్మ.

"రొట్టె కాలుతోందత్తా. అయ్యేదాకా కూర్చో."

"ఏదీ, మూత తియ్యి. ఎంతవరకూ వచ్చిందో చూస్తా."

"తీయకూడదత్తా. బూడిద పడుతుంది."

చేసేదిలేక మంగాయమ్మ పీట వాల్చుకుంది. కూర్చున్నాక గోడలు చూసింది. ఆ తర్వాత కొత్త పొయ్యి చూసింది. ఆ తర్వాత తమ్ముణ్ణి చూసింది. తాతబ్బాయి దువ్వెన పట్టుకుని కూతురికి జడ వేస్తున్నాడు. వేళ్ళు తిరగడం లేదు, అయినా వేస్తున్నాడు.

"అక్కా, ఇన్నాళ్ళూ పిల్లని గాలికొదిలేశాను. తప్పు నాదే. ఇకనుంచి నేను చూసుకుంటా. నూకాలుని నా దగ్గరే ఉండనీ" అన్నాడు తల ఎత్తకుండానే.

ఇంతలో రొట్టె అయింది. అంచులు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా మెత్తగా వచ్చింది. మంగాయమ్మ ఒక ముక్క తుంచి, చెరకు పానకంలో ముంచుకుని తింది. నూకాలు తినకుండా అత్త మొహమే చూస్తూ కూర్చుంది.

అప్పుడు మంగాయమ్మ లేచి, చెయ్యి కడుక్కుని, మూట ముడి విప్పింది. పరికిణీలు ఒక్కొక్కటే దులిపి దండెం మీద వేసింది.

"జడ వంకరగా వేశావురా, ఇటు పంపు దాన్ని" అంది, కళ్ళు ఒత్తుకుంటూ. నూకాలుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ విప్పి మళ్ళీ అల్లింది. బయట బండివాడు పిలుస్తూనే ఉన్నాడు, ఆవిడ మాత్రం తొందరపడలేదు.

కథ వెళ్ళింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
దుప్పటి కప్పుకో ఒంటికి,
రొట్టె రేపు పంటికి.