సేనాపతికి తలుపు తీయని ఊరు

ఒకప్పుడు సైన్యం వస్తోందంటే కొర్రపాడు జనం పూలదండలతో ఎదురెళ్లేవారు. ఆ సైనికులే ఊళ్లో మేకల్ని ఎత్తుకుపోవడం మొదలుపెట్టాక ఆ మోజు కాస్తా తీరిపోయింది. అయినా కత్తుల ముందు నోరెత్తేదెవరు?

ఈసారి సేనాపతి వీరకేతుడు ఏనుగెక్కి ఊరేగుతూ వస్తే వీధిలో నరమానవుడు లేడు. ప్రతి ఇంటి తలుపూ బిగించి ఉంది. సేనాపతికి ఒళ్లు మండిపోయి, మేకలు కాసే సుంకులమ్మను ఇంట్లోంచి బయటికి ఈడ్పించాడు.

"ఏమే, నాకే తలుపులు మూస్తారా? కొరడాతో చర్మం ఒలిపిస్తాను!"

సుంకులమ్మ చేతులు జోడించింది.

"తమరి ఆజ్ఞే పాటించాం దొరా. కత్తులు పట్టుకుని ఎవరైనా దోపిడీకి వస్తే ఎదిరించకండి, మేకల్ని దాచి తలుపులేసుకోండి అని తమరే దండోరా వేయించారు కదా?"

"అది శత్రువుల గురించే!"

"మేకల్ని ఎత్తుకుపోయేవాళ్లలో శత్రువులెవరో, మనవాళ్లెవరో ఎలా పోల్చుకోవాలో దండోరాలో చెప్పలేదు దొరా."

వెనక సైనికుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెను కొడితే తన ఆజ్ఞ పాటించినందుకే కొట్టినట్టవుతుంది. సేనాపతి "ఇకమీదట మేకను ముట్టినవాడు మా సైనికుడు కాడు, శత్రువే!" అని అక్కడికక్కడే దండోరా వేయించాడు.

సుంకులమ్మ కదల్లేదు.

"మరి కోళ్ల సంగతి దొరా?"