తెల్లగ కనవడ్డ పేపరు

మా గురువుగారు రాజేశం తత్వాలు పాడుతరు, మాకు నేర్పుతరు. ఏదన్న అడిగితే సీదా అవునని అనరు, కాదని అనరు. ముందుగాల జరిగిన ముచ్చట ఒకటి చెప్తరు.

మొన్న మాతోని నేర్చుకునే గంగాధర్ అడిగిండు. ఆయనకు హైదరాబాద్‌ల నౌకరి దొరికింది. జనం ఫోన్లల్ల రాసుకునే మాటలను, ఫొటోలను చూసే పెద్ద కంపెనీ అది. రాజకీయాల మీద లొల్లి లేపే పోస్టులు తీసేసుడే పని. సోమవారం చేరాలె.

"తీసేస్తే కొట్లాటలు తగ్గుతయి గద గురువుగారూ? అయినా ఎందుకో మనసున పడ్తలేదు. చేరాల్నా, వద్దా?"

"ఏం తీసెయ్యాల్నో ఎవలు చెప్తరు?"

"లిస్టు ఇస్తరట. అది పెరుగుకుంట పోతదట."

"గా పని నేను చేసిన్నోయ్" అన్నరు గురువుగారు.

"మీ కాలంల ఫోన్లు యాడియి!" అని మేం నవ్వినం. ఆయన నవ్వలే. మెల్లగ చెప్పుడు షురూ చేసిండ్రు.

"పెండ్లి కాకముందు బీడీల కార్ఖానల ఉన్న. అరవై మందిమి వరుసలు కట్టి, చాటల తునికాకు పెట్టుకోని చుట్టేది. చేతులకు పని గని చెవులు ఖాళీనే గద. అందుకే ఒకలు పీట మీద కూసోని పేపరు చదివేది. ఆయన వంతు బీడీలు మిగిలినోళ్ళు తలా కొన్ని చుట్టేది. గొంతు మంచిగుందని నన్ను పెట్టిండ్రు.

ఒకనాడు పార్టీల వార్త ఇని ఇద్దరు ఆకు కత్తిరిచ్చే కత్తెర్లు పట్టుకోని ఒకల మీదికొకలు లేశిండ్రు. సేటు వచ్చి, 'లొల్లి లేపేది ఇడిసిపెట్టి చదువు రాజేశం' అన్నడు. నిజమే అనిపిచ్చింది. ముందుగాల పార్టీలు ఇడిసిన. తర్వాత సమ్మెలు. తర్వాత ధరలు. మొదట్ల జరసేపు ఆగి కింది వార్తకు దుంకేటోన్ని. రాను రాను ఆగుడు బందైంది. కండ్లే దుంకేటియి, నాకే తెల్వకుంట.

ఒక పొద్దుగాల పేపరు తెరిస్తే నడుమల తెల్లగ కనవడ్డది. తిప్పిన. గాడ గూడ తెల్లగనే. సినిమా ముచ్చటొకటి, వాన ముచ్చటొకటి చదివి మలిచి పెట్టిన. అంత ఇన్నట్టే అరవై తలకాయలు ఊగినయి. కత్తెర్ల చప్పుడే.

మా అమ్మ గూడ గాడనే బీడీలు చుట్టేది, మూడో వరుసల. చదువు రాదు. మా అన్న పోశెట్టి సమ్మె మీటింగుకని పోయి నాలుగు దినాలాయె, పత్తా లేడు. 'పేపర్ల ఏమన్న ఉన్నదా బిడ్డా?' అని అడిగింది. 'ఏం లేదమ్మా' అన్న. దినాం అడిగేది. దినాం గదే చెప్పేది.

ఎనిమిదో దినం, అమ్మ కార్ఖాన నుంచి తెచ్చి రొట్టెలు కట్టిన పాత పేపరు పక్కింటి పోరి ఇప్పి చదివింది. లాఠీ దెబ్బలకు దవాఖానల పడ్డోళ్ళ పేర్లు. ఆఖరి పేరు పోశెట్టి. అది నేను చదివి మలిచిన పేపరే. మడత గూడ నాదే.

అమ్మ, నేను దవాఖానకు పోయేసరికి మంచం ఖాళీ చేసిండ్రు. ముందటి దినమే సచ్చిపోయిండట. ఆఖరి దాకా అమ్మ వచ్చిందా అని అడిగిండట.

అమ్మ నన్ను ఒక్క మాట అనలే. దినాలు అయినంక మల్ల మూడో వరుసల కూసున్నది. నేను గా పాత పేపరు తీసి, పోరి వేలు పెట్టి చూపిన జాగల చూసిన. అన్న పేరు కనవడలే. గాడ తెల్లగనే ఉన్నది. ఇయ్యాల్టికీ తెల్లగనే ఉన్నది."

గంగాధర్ జేబుల ఫోను రెండుసార్లు వణికింది, తియ్యలే.

"మరి... చేరాల్నా గురువుగారూ?"

"చేరు. పనికి కూసునే ముందల మీ ఇంటోళ్ళ పేర్లు కాయితం మీద రాసుకోని దినాం చదువుకో" అన్నరు గురువుగారు. "ఏనాడు ఒక పేరు తక్కువ కనవడ్తదో, ఆనాడు లేచి రా. వచ్చుడు యాదికుంటే."