ఊక కొట్టుకి వినపడని పిలుపు

పట్నం చివర, రైలు గేటు దాటాక, మూతబడ్డ బియ్యం మిల్లు ఒకటుంది. మనుషులు దాన్ని వదిలేసి చాలాకాలమైంది. వాళ్లు వదిలేసిన చోట ఎద్దు చేరింది, గాడిద చేరింది, మేకలు, కోళ్లు, కుక్క, కోతి, పిల్లి, ముంగిస, అన్నీ చేరాయి. ఇంతమంది చేరాక తగాదాలు రాకుండా ఉంటాయా? వచ్చాయి. అందుకని అవి ఒక కోర్టు పెట్టుకున్నాయి. నవ్వకండి. ఆ కోర్టులో వాయిదాలు లేవు.

ధాన్యం బస్తాలు తూచే పాత కాటా మీద జడ్జి కూర్చోవాలి. పక్కనున్న పిట్టగోడ మీద గుమాస్తా నిలబడాలి. కాగితం లేదు, కలం లేదు. గుమాస్తాకి పని ఒకటే: తగాదా పడ్డవాళ్ల పేర్లు మూడేసిసార్లు పిలవడం. మూడో పిలుపుకి కూడా రానివాళ్ల మాట లేనట్టే. వచ్చినవాళ్లు చెప్పింది విని అప్పటికప్పుడు తీర్పు చెప్పేస్తారు. ఈ రెండు పదవులకీ ఏటా వానలు వెనకబట్టాక ఎన్నిక జరుగుతుంది.

ఆ ఏడు జడ్జి ఎన్నిక మూడు రోజులు సాగింది. నిలబడ్డవి ఎద్దు, మేకపోతు. ఎద్దుని అడగని ప్రశ్న లేదు.

"తాతా, నువ్వు ఎప్పుడైనా పక్కవాడి గడ్డి తిన్నావా?" అని అడిగింది ఒక మేక.

"తిన్నాను. ఒక్కసారి. ముందు బండిలోంచి వేలాడుతుంటే ఆకలికి ఆగలేకపోయాను."

"విన్నారా? తన నోటితోనే ఒప్పుకున్నాడు!" అని ఎగిరింది మేకపోతు.

"ఒప్పుకున్నాడు గనకే కావాలి," అంది గాడిద.

"రేపు నీ చుట్టాలు తగాదాతో వస్తే ఏం చేస్తావు తాతా?"

"నా చుట్టాలంతా సంతలో అమ్ముడుపోయారమ్మా. ఇంక ఎవరూ రారు."

ఎద్దే గెలిచింది. గెలవాల్సిందే గెలిచింది, అందులో నాకు పేచీ లేదు.

నా పేచీ అంతా ఆ తర్వాత జరిగిన దాంతోనే. మూడో రోజు పొద్దు వాలుతుండగా గుమాస్తా ఎన్నికకి వచ్చారు. అప్పటికి అందరికీ ఆకలి. జడ్జి కోసం మూడు రోజులు కూర్చున్నవాళ్లు గుమాస్తా కోసం మూడు నిమిషాలు కూర్చోలేకపోయారు.

నిలబడ్డవి గాడిద, పిల్లి.

"నేను పిలిస్తే రైలు గేటు అవతలికి వినపడుతుంది," అంది గాడిద. "నాకు వేరే గొప్ప లేదు. ఉంటే చెప్పుకునేవాణ్ణి."

"ఏదీ, ఒకసారి పిలువు బావా, విందాం," అని కోతి ఎగదోసింది.

గాడిద పిలిచింది. మిల్లు రేకులు అదిరాయి. పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఒక మేకపిల్ల కాళ్లు మడతబడి కూలబడింది. అందరూ పగలబడి నవ్వారు.

"చాలు నాయనా! రోజూ పొద్దున్నే ఇది వినాలా మేము?" అంది కోతి.

పిల్లి పంజా నాకి, మొహం తుడుచుకుని, గోడెక్కింది. "నాకు అరవడం రాదండీ. ఇంట్లో మనిషిని అన్నానికి పిలిచినట్టు పిలుస్తాను. కోర్టుకొచ్చేవాళ్లు అసలే కష్టంలో ఉంటారు. వాళ్ల మీద కేకలేయడం మర్యాదా చెప్పండి?"

ఎంత బాగా చెప్పిందో అనుకున్నారు.

ఊక కొట్టులో ఒక పెట్ట ఉండేది. పొదగడం మొదలుపెట్టి అప్పటికి రెండు రోజులు. పదకొండు గుడ్లు. పది కాదు, పన్నెండు కాదు. ఓటు వేసిపోదామని లేచొచ్చింది గాని ప్రాణమంతా ఆ గుడ్ల మీదే ఉంది.

"పోయిన వానల్లో ఉరుములకి నా గుడ్లన్నీ మురిగిపోయాయి," అంది పెట్ట. "ఇప్పుడు ఏరికోరి ఉరుముని గోడెక్కించుకోమంటారా?"

"నాది ఉరుము కాదక్కా, గొంతు," అంది గాడిద.

"ఏదైతేనేం, నా గుడ్లు అదురుతాయి. నేను పిల్లికే."

కాళ్లెత్తి ఓట్లు వేశారు. కుక్కని మాత్రం తోక ఎత్తమన్నారు, కాలెత్తితే అది ఓటో కాదో తేలదని. గాడిదకి మూడే వచ్చాయి: తనది, కుక్కది, ఒక ముసలి మేకది. మిగతావన్నీ పిల్లికే. ఎద్దు ముందుకాలు కూడా పిల్లికే లేచింది. వాళ్లంతా ఇప్పుడు మర్చిపోయి ఉండొచ్చు. నేను మర్చిపోలేదు.

పదహారు రోజులు గడిచాయి. గుడ్లు పగలడానికి ఇంకో మూడు రోజులుందనగా ముంగిస కోర్టుకెక్కింది. ఊక కొట్టు కింద తన బొరియ ఉందట, పెట్ట దాని నోటి మీద కూర్చుని దారి మూసిందట. బొరియకి ఇంకో రెండు నోళ్లున్న సంగతి మాత్రం చెప్పలేదు. పిల్లితో ఒప్పందం ముందే అయిపోయింది. పెట్ట లేచిపోతే ఆరు గుడ్లు ముంగిసవి, అయిదు పిల్లివి.

విచారణ ముందురోజు పిల్లి స్వయంగా ఊక కొట్టుకి వెళ్లింది.

"అక్కా, రేపు నీ మీద తగాదా ఉంది. అందరూ కాటా దగ్గరికి పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. నువ్వు రానక్కర్లేదు. గుడ్లు చల్లారిపోవూ? నీ వంతు రాగానే నేను పిలుస్తాగా, అప్పుడొద్దువుగాని."

"నీ కడుపు చల్లగుండా, ఎంత ఆలోచించావమ్మా!" అంది పెట్ట.

కాటాకీ ఊక కొట్టుకీ మధ్య ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది. ఈ చివర్నుంచి ఆ చివరికి మేక కూడా ఒక్క పరుగులో పోలేదు.

మర్నాడు పిల్లి గోడెక్కి పిలిచింది. "పెట్టా..." అంది, పాల గిన్నె దగ్గర గురగురలాడినట్టు. "పెట్టా... పెట్టా..."

పక్కనే కాటా మీద ఉన్న ఎద్దుకి శుభ్రంగా వినపడింది. కళ్లం వైపు చూసింది. ఎవరూ రాలేదు.

"ఇంకోసారి పిలువు," అంది.

"మూడే కదండీ కట్టుబాటు. నాలుగోది కూడా ఉండాలని తమరంటే పిలుస్తాను. ఆ తర్వాత అందరూ నాలుగు అడుగుతారు."

ఎద్దు ఆలోచించింది. "వద్దు. మూడంటే మూడే."

ముంగిస చెప్పింది విన్నారు. పొద్దుగూకేలోగా పెట్ట చోటు ఖాళీ చెయ్యాలని తీర్పయింది.

పొద్దుటినుంచీ పెట్ట చెవులప్పగించి కూర్చునే ఉంది. రైలు గేటు గంట వినపడింది. పావురాల రెక్కలు వినపడ్డాయి. తన పొట్ట కింద ఒక గుడ్డు లోపల ఏదో మెదిలింది, అది కూడా తెలిసింది. తన పేరు మాత్రం వినపడలేదు. తీర్పు మోసుకొచ్చిన కుక్కని చూసి, "నా వంతు వచ్చిందా?" అని అడిగింది.

"అయిపోయిందక్కా," అంది కుక్క తల దించుకుని. "ఖాళీ చెయ్యమన్నారు."

"నన్నెవరూ పిలవందే!"

"నేను కళ్లం మధ్యలో ఉన్నాను. నాకూ వినపళ్లేదు."

పెట్ట పరుగెత్తుకుంటూ కాటా దగ్గరికొచ్చింది. "ఏంటయ్యా ఇది? పిలవకుండానే తీర్పా?"

"మూడుసార్లూ పిలిచారమ్మా. నా చెవులతో విన్నాను," అంది ఎద్దు.

"నేనూ విన్నాను," అంది కోతి. దాన్నెవరూ అడగలేదు.

"తమరి చెవులు గోడ పక్కనున్నాయయ్యా. నావి ఊక కొట్టులో ఉన్నాయి."

ఎద్దుకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. అయినా, "చెప్పిన తీర్పు నేనే తిప్పేస్తే రేపు నా మాట ఎవరు వింటారమ్మా?" అంది.

పెట్ట వెనక్కెళ్లి గుడ్ల మీద కూర్చుంది. పొద్దుగూకే దాకా కూర్చుంది. కుక్క వచ్చి వాకిట్లో నిలబడ్డాక లేచింది. గుడ్డు మోసుకుపోవడానికి కోడికి చేతులు లేవు కదా. తెల్లారి చూస్తే ఊక మీద పెంకులున్నాయి. గుడ్లు లేవు.

గాడిద ఆ పెంకులు చూసొచ్చి ఎద్దు ముందు నిలబడింది. "తాతా, ఇవాళ పిలుపుల వేళకి నువ్వు కాటా మీద కూర్చోవద్దు. పెట్ట కూర్చున్న చోట కూర్చో."

"ఎందుకు?"

"నేను చెప్తే నమ్మవు. కూర్చో."

ఎద్దు వెళ్లి ఊకలో, ఆ పెంకుల మీదే, మోకాళ్లు వంచి కూర్చుంది. ఆ రోజు మేకల తగాదా. ఎద్దు చెవులు నిలబెట్టి కాచుకుంది. గేటు గంట మోగింది. పావురాలు ఎగిరాయి. ఎంతకీ పిలుపు రాలేదు. చివరికి కుక్క వచ్చి, "తాతా, పిలుపులయిపోయాయి. మూడూ అయిపోయాయి," అంది.

ఎద్దు లేచింది. మోకాళ్లకి పెంకులు అంటుకున్నాయి. దులుపుకోలేదు. అలాగే కళ్లం దాటి నడిచొచ్చింది.

"ఆ తీర్పు తప్పు. తప్పు నాది," అంది అందరి ముందూ. "పెట్టమ్మా, పిల్లి మీద, ముంగిస మీద నువ్వు తగాదా వెయ్యి. రేపు వింటాను."

పిల్లికి కబురందింది. తన మీది తగాదాకి తానే గుమాస్తాగా ఉండకూడదు గనక ఆ పూటకి గాడిద పిలుస్తుందని కూడా తెలిసింది. పిల్లి ఏమీ కంగారుపడలేదు. చెప్పుకోవాల్సిన తియ్యటి మాటలన్నీ సిద్ధం చేసుకుని, మర్నాడు పొద్దున్నే కళ్లం అవతలున్న బాయిలర్ గది రేకు మీదికెక్కి ఎండలో పడుకుంది. 'గాడిదేగా పిలిచేది, పట్నమంతా లేస్తుంది. అప్పుడు లేద్దాంలే' అనుకుంది. ముంగిస కూడా అదే ధీమాతో బొరియలో ముడుచుకుంది.

కాటా దగ్గర అందరూ చేరాక గాడిద గోడ దగ్గర నిలబడి గొంతు సవరించుకుంది. మేకపిల్లలు ముందే తల్లుల వెనక దాక్కున్నాయి.

"ఆగు బావా," అంది పెట్ట.

"ఏమక్కా, గట్టిగా పిలవొద్దా?"

"నన్నెలా పిలిచారో అలా పిలువు."

గాడిద ఎద్దు వైపు చూసింది. ఎద్దు తన మోకాళ్ల వైపు చూసుకుని, "కట్టుబాటు మూడు పిలుపులనే చెప్పింది. ఇంత గట్టిగా అని చెప్పలేదు. పిలువు," అంది.

గాడిద పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించింది. "పిల్లీ... ముంగిసా..." అంది, గోడ మీది చీమకి చెప్పినట్టు. మూడుసార్లు అంది. ఒక్క పావురం కూడా కదల్లేదు. ఎవరూ నవ్వలేదు.

పెట్ట తన మాట చెప్పుకుంది. గట్టిగా అరిచి ఏడుస్తుందనుకున్నారు, ఏడవలేదు. ఒక్కో గుడ్డు ఏ రోజు పెట్టిందో వరసగా చెప్పింది. పదకొండూ చెప్పింది. విన్నాక ఎద్దు తీర్పు చెప్పింది: పిల్లి గుమాస్తా పని ఊడింది, పిల్లీ ముంగిసా పొద్దుగూకేలోగా మిల్లు వదిలిపోవాలి.

"ఇప్పుడు నీ గొంతుతో చెప్పు," అంది ఎద్దు.

గాడిద చెప్పింది. రేకులు అదిరాయి. పావురాలు లేచిపోయాయి. బాయిలర్ గది మీంచి పిల్లి ఎగిరి దూకి, కళ్లం మీద పడుతూ లేస్తూ కాటా దగ్గరికొచ్చింది.

"ఏంటండీ ఇది! నన్ను పిలవకుండానే తీర్పా?"

"పిలిచాం. మూడుసార్లు," అంది ఎద్దు.

"నాకు వినపళ్లేదే!"

"నేను విన్నాను," అంది కోతి. ఈసారి కూడా దాన్నెవరూ అడగలేదు.

పిల్లి ఒక్కొక్కరి మొహం చూసింది. చివరికి పెట్ట మొహం చూసి, గేటు వైపు నడిచింది. ముంగిస ఆ వెనకాలే పోయింది.

ఆ తర్వాత ఎద్దు కాటా ఎక్కలేదు. ఊక కొట్టు వాకిట్లోనే కూర్చుని, పిలుపు తన చెవికి అందితేనే తగాదా వినేది. గుమాస్తా గాడిదే. పెట్ట మళ్లీ పొదిగింది. రోజూ పొద్దున గాడిద అరిచినప్పుడల్లా రేకులు అదిరేవి, ఊక లేచేది. ఆ అరుపుకి ఒక్క గుడ్డు కూడా మురగలేదు. పోయిన పదకొండూ మాత్రం పోయినట్టే.

నీతి: తీర్పు చెప్పేవాణ్ణి ఎంత చూసి ఎన్నుకుంటారో, మీ పేరు పిలిచేవాణ్ణీ అంత చూసే ఎన్నుకోండి.