తొంభై ఒకటా, తొంభై అయిదా?

నూకరత్నానికి ఒక ఇబ్బంది ఉండేది. సమాధానం తెలిసిన ప్రశ్న ఎవరైనా అడిగితే, అది పూర్తయ్యేదాకా ఆగలేకపోయేది.

విశాఖపట్నంలో ఒక కార్ల సర్వీసు సెంటర్లో ఆరేళ్లు పనిచేసింది. అక్కడ ప్రతి బండికీ ఒక పుస్తకం, ప్రతి రోగానికీ ఒక పేజీ ఉండేవి. ఆ పేజీలు ఆమెకి చాలావరకు నోటికొచ్చు. సొంతంగా షెడ్డు పెట్టుకోవాలని నర్సీపట్నం తిరిగొస్తే వాళ్ల నాన్న, "ముందు గౌస్ ఉస్తాద్ దగ్గర రెండేళ్లుండు" అన్నాడు.

గౌస్ మొహిద్దీన్ నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాడు. పెద్దగా మాట్లాడడు. చేరి ఏడాదైంది గానీ, ఆయన నేర్పిందేమిటని ఎవరైనా అడిగితే నూకరత్నం చెప్పలేకపోయేది.

ఏప్రిల్లో ఒక రోజు పశువుల డాక్టరు జోగారావు కారేసుకుని వచ్చాడు. టర్బో పెట్రోలు ఇంజను, ఆరేళ్ల పాతది. విశాఖలో ఒక ఏజెంటు ద్వారా కొని నెల కూడా కాలేదు. వారానికి నాలుగు రోజులు టీకాల పెట్టెలు వెనక సీట్లో పెట్టుకుని ఘాట్ రోడ్డు మీద కొండెక్కుతాడు. పైన పాతిక ఊళ్ల పశువులకి ఆయనొక్కడే.

"ఏ పెట్రోలు పోయించాలో తేలడం లేదమ్మా. బంకులో కుర్రాడేమో టర్బో కదా సార్, తొంభై అయిదు పోయించండి అంటాడు. మా బావమరిదేమో వంద ఉండాల్సిందే అంటాడు. నేను మామూలుదే పోయిస్తున్నా. ఘాట్‌లో మూడో గేరులో ఏసీ వేసుకుని ఎక్కుతుంటే..."

"మామూలుది చాలు డాక్టరుగారూ" అంది నూకరత్నం.

ఆమె అప్పటికే పెట్రోలు మూత తెరిచింది. లోపలి వైపు చిన్న స్టిక్కరు ఉంది. ఆక్టేన్ తొంభై ఒకటి, ఆపైన. ఆ అంకె ఏమిటో ఆయనకి ఓపిగ్గానే చెప్పింది. ఇంజను లోపల పెట్రోలుని గాలితో కలిపి నొక్కుతారు. నిప్పురవ్వ మంట చేరకముందే దానంతటది అంటుకోకుండా ఎంత నొక్కుడు తట్టుకుంటుందో ఆ అంకె చెబుతుంది. ఇంజనుకి కావలసినంత ఉంటే చాలు, అంతకంటే ఎక్కువ పోయిస్తే దండగ.

చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

"మరి ఘాట్ ఎక్కుతుంటే వచ్చే ఆ చప్పుడు?" అన్నాడు డాక్టరు. "డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు."

నూకరత్నం బండి కంప్యూటరుకి స్కానరు తగిలించింది. ఒక్క తప్పూ చూపించలేదు. బండి కింద సైలెన్సరు మీది రేకు వదులుగా ఉంటే బిగించింది. "ఇదేనండీ, ఇక రాదు" అంది.

పక్కన జీపు కింద పడుకుని పనిచేస్తున్న ఉస్తాద్ తల బయటికి పెట్టాడు. "ఘాట్ ఎక్కించి చూశావా?"

"అక్కర్లేదు ఉస్తాద్. స్కానరు శుభ్రంగా ఉంది."

ఆయన తల మళ్లీ లోపలికి పోయింది.

పన్నెండు రోజుల తర్వాత డాక్టరు ఫోను చేశాడు. ఘాట్‌లో తొమ్మిదో మలుపు దగ్గర బండి ఊపు పోయి కుదిపేసిందట. స్టీరింగు ముందు పసుపు దీపం మిణుకు మిణుకుమంటోందట. టీకాల పెట్టెల్ని ఎండలో అరగంట కాపలా కాసి, చివరికి అటుగా వచ్చిన జీపులోకి ఎక్కించి పంపాడు. ఇంజను చల్లారాక దిగుడు దారిలో మెల్లగా దొర్లించుకుంటూ సాయంత్రానికి షెడ్డుకి తెచ్చాడు.

ఆయన కోప్పడలేదు. "నువ్వు చెప్పినట్టే మామూలుదే పోయించానమ్మా" అన్నాడంతే. అది నూకరత్నానికి కోపం కంటే ఎక్కువగా తగిలింది.

"పైన బంకులో కల్తీ ఏమైనా..." అంది.

"నా పాత పెట్రోలు జీపూ అక్కడే తాగేది పదేళ్లు. దానికేం కాలేదు" అన్నాడాయన.

డాక్టరు బస్సెక్కి వెళ్లిపోయాడు. నూకరత్నం పెట్రోలు మూత తెరిచి ఉస్తాద్‌ని పిలిచింది.

"చూడండి ఉస్తాద్. బండి చేసినవాడే రాశాడు, తొంభై ఒకటని. నేను సొంతంగా చెప్పిందేమీ లేదు."

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని స్టిక్కరు చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"అవును. అలాగే రాశాడు."

తర్వాత బానెట్ ఎత్తి, ప్లగ్ పానా అందుకున్నాడు. మొదటి సిలిండర్ మీది కాయిల్ పీకి, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి పైకి తీశాడు. తుడవకుండా తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఏమిటి ఉస్తాద్?"

"ఇదీ చదువమ్మా."

ఆయన చేతులు కడుక్కుని టీకి వెళ్లిపోయాడు.

నూకరత్నం ప్లగ్గుని వెలుతురులోకి తీసుకెళ్లింది. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. వాటి మధ్య అక్కడక్కడా సూదిమొనంత మెరుపులు. భూతద్దం తెచ్చి చూసింది. అల్యూమినియం. ఇంజను లోపల అల్యూమినియం అంటే పిస్టనే. రవ్వ మంట చేరకముందే పెట్రోలు పేలి, ఆ పేలుడు పిస్టన్ని ఇసుకరవ్వంత ఇసుకరవ్వంతగా కొరుకుతోంది. తను చాలని చెప్పాక కూడా పన్నెండు రోజులు, ఘాట్ ఎక్కినప్పుడల్లా.

ఆ చప్పుడు రేకుది కాదు.

ఆమె పక్కనున్న టైరు మీద కూర్చుంది. మరి స్టిక్కరు అబద్ధమా? ప్లగ్గుని వేళ్ల మధ్య తిప్పుతుంటే దాని నడుం మీద చెక్కిన నంబరు కనబడింది. నోటికొచ్చిన పేజీల్లో ఆ నంబరు లేదు. ఫోనులో బండి పుస్తకం తెరిచింది. చివరి అంకె వేరు. మిగతా ప్లగ్గులూ విప్పింది. అన్నీ అదే నంబరు. కంపెనీ పెట్టినవాటికంటే ఒక మెట్టు చల్లగా ఉండే రకం.

అలాంటి ప్లగ్గులు ఊరికే ఎవరూ వేయరు. ఇంజను బలం పెంచినవాళ్లే వేస్తారు.

కాగితాల్లో పాత యజమాని పేరు, నంబరు ఉన్నాయి. ఫోను చేసింది. అవతల ఒక యువకుడు దాచకుండా చెప్పాడు.

"అవునండీ, కంప్యూటర్లో సెట్టింగు మార్పించాను. టర్బో ఎక్కువ గాలి తోస్తుంది, రవ్వ ఇంకాస్త ముందు పడుతుంది. మంచి లాగుడు వస్తుంది. కానీ తొంభై అయిదు తప్ప పోయకూడదన్నారు, నేనెప్పుడూ పోయలేదు కూడా. అమ్మేటప్పుడు ఏజెంటుకి చెప్పానే. వాళ్లకి చెప్పలేదా?"

ఫోను పెట్టేసి నూకరత్నం బండి వైపు చూసింది. బయటికి అది కంపెనీలోంచి వచ్చిన బండే. పెట్రోలు మూత లోపలి మాట ఆరేళ్ల కిందట పుట్టిన ఇంజను గురించి రాసింది. ఆ తర్వాత దాన్ని ఎవరెలా మార్చారో స్టిక్కరుకి ఏం తెలుసు? డాక్టరుకి తెలియదు. అడగాల్సింది తను. ఆయన సగం మాటలో ఉండగానే మూత తెరిచింది.

మర్నాడు ప్రతి సిలిండర్‌లోకీ సన్నటి కెమెరా దించి చూసింది. ఒత్తిడి కొలిచింది. పిస్టన్ల అంచులు గరుకెక్కాయి గానీ విరగలేదు. ఇంకో వారం పదిరోజులు అలాగే ఎక్కించి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

డాక్టరు వచ్చాడు. ఆమె నిలబడే చెప్పింది.

"తప్పు నాదండీ. ఎక్కించి చూడకుండా చెప్పాను. మీ బండి ముందు ఎవరిదో, ఏం చేశారో కూడా అడగలేదు."

తర్వాత ఉన్న దారులు రెండూ చెప్పింది. ఇప్పుడున్నట్టే ఉంచుకుంటే ఎప్పుడూ తొంభై అయిదు పోయించాలి, ఒక్కసారి కూడా తప్పకూడదు. లేదంటే సెట్టింగుని కంపెనీ ఇచ్చినట్టు మార్పించి, పాత నంబరు ప్లగ్గులు వేయాలి. అప్పుడు మూత లోపల రాసింది నిజమవుతుంది.

డాక్టరు ఆలోచించలేదు. "పైన నాకు దొరికేది ఒకే రకం. నాకు లాగుడెందుకమ్మా? ఆవులు ఎక్కడికీ పారిపోవు."

నూకరత్నం ట్యాంకులో ఉన్న పెట్రోలు తీసేసి తొంభై అయిదు పోయించి, యాక్సిలరేటరు మీద బరువు వేయకుండా తానే విశాఖ నడుపుకెళ్లింది. సెట్టింగు మార్పించి తెచ్చింది. ప్లగ్గులు మార్చింది. ట్యాంకు ఖాళీ అయ్యాక మామూలు పెట్రోలు నింపింది.

అప్పుడు డాక్టర్ని పిలిచింది. "పదండి, ఎక్కిద్దాం."

"నేనూ వస్తా" అన్నాడు ఉస్తాద్. వెనక సీట్లో టీకాల పెట్టెల మధ్య సర్దుకుని కూర్చున్నాడు.

మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. ఇంజను మీద బరువు పడాలని ఏసీ వేసింది. మూడో గేరులో, చప్పుడు ఎక్కువగా వచ్చేలాగే కావాలని నిదానంగా ఎక్కించింది. అద్దాలు దించి చెవి బయటికి పెట్టింది. రేడియో వేయబోయిన డాక్టరు ఆమె ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తొమ్మిదో మలుపు వచ్చింది. ఇంజను మోత, టైర్ల కింద కంకర, లోయలోంచి ఏదో పిట్ట. ఇంకేం లేదు. పదోదీ దాటారు.

పైకి చేరాక డాక్టరు పెట్టెలు దించుకుని పశువుల కొట్టం వైపు వెళ్లాడు. గురువూ శిష్యురాలూ రోడ్డు పక్క గోడ మీద కూర్చున్నారు.

నూకరత్నం అడిగింది.

"మొదటి రోజు చప్పుడు గురించి వినగానే మీకు తెలిసిపోయింది కదా ఉస్తాద్. నలభై ఏళ్ల అనుభవం. నాకు బుద్ధి రావాలని చెప్పకుండా ఊరుకున్నారు."

ఉస్తాద్ ఆమె వైపు కొంచెం ఆశ్చర్యంగా చూశాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "తెలీదు గనకే ప్లగ్గు విప్పాను."