ఎడమకాలి ఖరీదు

వింజకోటను ఏలే వల్లభభూపతికి ఒక ఏడాది వింత పిచ్చి పట్టింది. ఏ తగువైనా సరే, తన నోట్లో తాంబూలం అయిపోయేలోగా తెగిపోవాలన్నాడు. తమ్మపడిగలో ఊసిన తర్వాత ఎవరు నోరెత్తినా నాలుక కోయిస్తానన్నాడు. తాతల నాటి గట్టు తగాదాలు కూడా రెండు వక్కపలుకులు నలిగేలోగా తీరిపోయేవి.

అందుకే ఆ ఏడాది రాజ్యంలో అందరూ మంత్రికన్నా ఎక్కువగా భయపడింది, రాజుగారికి ఆకులు చుట్టి ఇచ్చే అడపకత్తె నాగసానికి.

ఒకనాడు అంచెరౌతు తిప్పన్నను మంచం మీద సభకు మోసుకొచ్చారు. రాజుగారి ఉత్తరాలు పట్టుకుని ఊరూరికీ గుర్రం మీద పరిగెత్తే కొలువు అతనిది. మొన్న కోట మలుపులో, సేనలను నడిపే దళవాయి కేతనాయకుడి రథం అతన్ని గుద్దేసింది. ఆ చప్పుడుకి మూడూళ్ల అవతల పొయ్యి మీది పాలు విరిగిపోయాయి. తిప్పన్న ఎంత ఎత్తుకు ఎగిరాడంటే, కిందికి వచ్చేసరికి మళ్లీ ఆకలేసింది.

గుర్రానికి గీత కూడా పడలేదు. తిప్పన్న ఎడమకాలు మాత్రం మూడు చోట్ల విరిగింది. ఇక ఈ జన్మలో గుర్రం ఎక్కేది లేదని వైద్యుడు చెప్పేశాడు.

వింజకోటలో ఒక కట్టుబాటుంది. రాచపని మీద పోయేవాణ్ణి గుద్ది కొలువుకు పనికిరాకుండా చేస్తే, గుద్దినవాడు తన సొంత పొలంలోంచి నెత్తురు మాన్యం ఇవ్వాలి. అది దక్కితేనే తిప్పన్నకూ, ఆలికీ, ముగ్గురు ఆడపిల్లలకూ నాలుగు వేళ్లు నోట్లోకి పోతాయి.

కేతనాయకుడు మీసం తిప్పుతూ లేచాడు. ఆ మీసం సామాన్యమైంది కాదు. ఒక కొస సభలో ఉంటే రెండో కొస వంటసాలలో పులుసు కలిపేది.

"ప్రభూ, గుద్దిన మాట నిజమే. నా రథం వేగం అలాంటిది. దాని నీడ మర్నాటికి గాని ఇల్లు చేరదు. కానీ రౌతుది కూర్చుని చేసే కొలువు. పరిగెత్తేది గుర్రం. దాని కాళ్లు నాలుగూ కులాసాగా ఉన్నాయి. పనే లేని కాలికి మాన్యం ఎందుకు?"

సభ తలూపింది. రాజుగారి దవడ జోరుగా ఆడుతోంది. తాంబూలం సగానికి వచ్చేసింది. తిప్పన్న నీళ్లు నిండిన కళ్లతో నాగసాని వంక చూశాడు.

నాగసాని మనసు చివుక్కుమంది. నిన్న పలకరించడానికి వెళ్లినప్పుడు తనూ ఆ మాటే అన్నది మరి. "కూర్చునే కొలువేగా తమ్ముడూ, అంత దిగులెందుకు?" అంటే, "నా చేతులు ఖాళీగా ఉంటేగా అక్కా. కుడిచేత ఊదే కొమ్ము, ఎడమచేత ఉత్తరాల సంచి. కళ్లెం మెడ మీద వదిలేస్తాం. గుర్రానికి ఏం చెప్పాలన్నా మోకాళ్లతోనే," అన్నాడతను.

ఆమె ఆకువక్కల అడపం మూత తీసి, అన్నిటికన్నా గట్టి వక్క ఏరి రాజుగారి చేతిలో పెట్టింది. అలాంటివి పది దొరికితే బురుజు కట్టొచ్చు.

"ఇది కాస్త నమలండి ప్రభూ. దళవాయిగారి మాట ముమ్మాటికీ నిజం. వారే ఎడమకాలికి వెదురు బద్దలు కట్టించుకుని, తిప్పన్న గుర్రమెక్కి, దక్షిణపు వాకిలి దాకా పోయి ఒక ఉత్తరం ఇచ్చి వస్తే సరి. మావాడు నోరు మూసుకుని ఇంటికి పోతాడు."

"ఆకులు చుట్టుకునేదానివి, నీకెందుకే ఈ గొడవ?" అన్నాడు కేతనాయకుడు.

"పోనీలెండి దొరా. రథాల మీద తిరిగేవారు, గుర్రమంటే జంకు ఉంటుంది."

ఆ మాటతో మీసం నిక్కబొడుచుకుంది. తిప్పన్న మంచంతో సహా సభ సభంతా ముంగిట్లోకి కదిలింది. దళవాయి ఎడమకాలికి రెండు బద్దలు కట్టి గుర్రం ఎక్కించారు. రౌతుల పద్ధతి ప్రకారం కుడిచేత కొమ్ము, ఎడమచేత సంచి.

గుర్రం కదిలింది. పడిపోతానన్న భయంతో కేతనాయకుడు కుడిమోకాలు గట్టిగా నొక్కాడు. కుడివైపు ఒక్కటే నొక్కితే ఎడమకు తిరగమని దానికి నేర్పారు. తిరిగింది. భయం పెరిగి ఇంకా నొక్కాడు. ఇంకా జోరుగా తిరిగింది. మొదటి చుట్టుకి తలపాగా ఎగిరి బురుజెక్కింది. మూడో చుట్టుకి మీసం కొసలు రెండూ ముడిపడ్డాయి.

"నా కాలు విప్పండర్రా," అని కేక పెట్టాడు.

నాగసాని చేతులు కట్టుకుని నిలబడింది.

"కాలెందుకు దొరా? పరిగెత్తేది గుర్రమేగా."

"కాలు లేకపోతే ఇది మాట వినడం లేదే. తూమెడు మడి ఇస్తాను, విప్పించు."

"సరిగ్గా వినపడలేదు దొరా. చుట్టు తిరిగి వచ్చాక చెప్పండి."

చుట్టు తిరిగి వచ్చాడు. "పందుం మడి."

"గాలి ఎక్కువగా ఉంది దొరా. ఇంకో చుట్టు."

"పుట్టెడు మడి. కాలవ కిందది, రెండు పంటలు పండేది. నా తల్లివి కదూ."

"ఇప్పుడు వినపడింది," అన్నది నాగసాని.

మంచం మీంచి తిప్పన్న చిన్నగా ఈల వేశాడు. గుర్రం టక్కున ఆగింది. కేతనాయకుడు మాత్రం ఆగలేదు, గడ్డిమోపులో పోయి పడ్డాడు.

రాజుగారికి నవ్వు ఆగక, నోట్లో తాంబూలం తమ్మపడిగ దాకా కూడా పోలేదు. ఎదురుగా ఉన్న ఏడుగురు సామంతుల పట్టుబట్టలు ఎర్రబడ్డాయి.

"తగువు తెగింది. ఎడమకాలి ఖరీదు దళవాయే నోరారా చెప్పాడు. పుట్టెడు మడీ తిప్పన్నది. నాగసానికి బంగారు అడపం."

కట్టు విప్పాక కేతనాయకుడు ఎడమకాలిని రెండు చేతులా తడిమి చూసుకుంటూ లేచాడు.

"రథం తెప్పించమంటారా దొరా?" అని అడిగింది నాగసాని.

"వద్దులేవే. నడిచే పోతాను," అన్నాడు.

ఆ మాటకు మంచం మీద తిప్పన్న కూడా కాలి నొప్పి మరిచి పగలబడి నవ్వాడు.